మొక్కు లేని జుట్టు

బెంగళూరులో రాక్ సంగీతం వినడానికి కొందరు మోటారు సైకిళ్ల మీద వచ్చేవారు, కొందరు హాస్టలు గోడ దూకి వచ్చేవారు. నేనూ బయ్యన్నా గొర్రెల లారీలో వెళ్లేవాళ్లం. ఈ మాట చెప్తే ఇప్పటికీ కొందరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. నవ్వనీ. నేను విన్నది వాళ్లు వినలేదు.

మా ఊరు మడకశిర అవతల, కర్ణాటక సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉంటుంది. శెనక్కాయ విత్తి ఆకాశం వైపు చూసే ఊరు. మా నాయన ఈశ్వరప్పకు మెట్ట భూమి బాగానే ఉండేది, పరువు అంతకంటే ఎక్కువ ఉండేది. బయ్యన్న వాళ్లవి గొర్రెలు. ఇద్దరం ఒకే తరగతి తప్పాం, స్నేహం అక్కడ కుదిరింది. కొన్ని నెలలకోసారి వాళ్లు గొర్రెల్ని లారీకెత్తి బెంగళూరు సంతకు తీసుకుపోయేవారు. బయ్యన్న నెమ్మదస్తుడు, బేరంలో గట్టిగా మాట్లాడలేడు. నాకు ముక్కు మీద కోపం. అందుకని నన్ను తోడు పిలిచేవాడు.

మొదటిసారి డెబ్బై రెండులో. గొర్రెలు పొద్దున్నే అమ్ముడుపోయాయి. డ్రైవరు సాయంత్రం దాకా కదిలేది లేదని చెప్పి, కంటోన్మెంటులో ఒక కాలేజీ మైదానం పక్కన నీడ చూసి లారీ ఆపి పడుకున్నాడు. మేమూ పక్కనే నడుం వాల్చాం. ఉన్నట్టుండి కింద నేల అదిరింది. బయ్యన్న లేచి, ఇంజనుకేమైనా అయిందేమోనని వంగి చూశాడు. ఇంజను ఆపేసే ఉంది. ఆ చప్పుడు గోడ అవతలి నుంచి వస్తోంది.

గేటు దగ్గర ఒకాయన బీరువా అంత స్పీకరు పెట్టెతో ఒక్కడే కుస్తీ పడుతున్నాడు. మమ్మల్ని చూసి కన్నడంలో కసిరాడు. ఆయనకు తెలుగు రాదనుకుని బయ్యన్న నాతో మెల్లగా అన్నాడు.

“ఈయప్ప పెట్టెను మోస్తాండాడా, పెట్టె ఈయప్పను మోస్తాండాదా?”

ఆయన పెట్టె కింద పెట్టి పగలబడి నవ్వాడు. పేరు యేసన్న. పుట్టింది గుంతకల్లు రైల్వే కాలనీలో, బతుకుతెరువుకు బెంగళూరు వచ్చి మైకులు, స్పీకర్లు బాడుగకు ఇస్తున్నాడు. పనివాళ్లు రాలేదట. పెట్టెలు లోపలికి మోస్తే ఆట మొత్తం వేదిక పక్క నుంచే చూడొచ్చన్నాడు. ఏ ఆటో మాకు తెలియదు. అయినా మోశాం.

లోపల వందలమంది కుర్రాళ్లు. అందరికీ మెడ దిగిన జుట్టు, కొందరికి భుజాలు దాటి వీపు మీదికి వచ్చిన జుట్టు. బయ్యన్న వాళ్లను చూస్తూ నిలబడిపోయాడు. మా వైపు మగవాడు జుట్టు పెంచాడంటే దేవుడికి మొక్కుకున్నాడనే అర్థం. ఆ మొక్కు తీరేదాకా దాని మీద కత్తెర పడకూడదు, దేనికి మొక్కావని, ఎప్పుడు తీరుస్తావని పక్కవాడు అడగనూ కూడదు. బయ్యన్న యేసన్న దగ్గరికి వెళ్లి, గొంతు తగ్గించి, భక్తిగా అడిగాడు.

“ఇంతమందికి ఒకేసారి మొక్కేందన్నా? యే దేవునికి?”

యేసన్న పెట్టె మీద కూలబడి నవ్వాడు. మొక్కూ లేదు, ఏమీ లేదు, ఊరికే పెంచుకున్నారని చెప్పాడు.

ఆ ‘ఊరికే’ అన్న మాట నాకు పట్టుకుంది. మా ఊళ్లో ఊరికే చేసే పని అంటూ ఒకటి లేదు. విత్తితే వాన కోసం, ఉపవాసం ఉంటే వాన కోసం, పెళ్లి చేస్తే పరువు కోసం, చేయకపోతే కరువు వల్ల. ఇరవై ఏళ్లొచ్చినా నేను ఊరికే చేసిన పని ఒకటి చెప్పమంటే చెప్పలేను. వీళ్లు మాత్రం తమ తల మీద తమకు నచ్చినట్టు జుట్టు పెంచుకుని, ఎవరికీ జవాబు చెప్పకుండా తిరుగుతున్నారు. నాకు అసూయ పుట్టింది, సంతోషమూ వేసింది.

తర్వాత వాళ్లు వాయించారు. ఆ బృందం పేరు స్టోన్ ప్యారట్స్. అంటే రాతి చిలకలని యేసన్న చెప్పాడు. రాళ్లకూ చిలకలకూ మా దగ్గర కొదవలేదు కాబట్టి ఆ పేరు వెంటనే నచ్చింది. నలుగురే ఉన్నారు. పాడేవాడు బక్కపలచగా ఉన్నాడు. మొదటి దెబ్బకే నా పక్కటెముకలు కదిలాయి. పాటలో ఒక్క మాట అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే మేలైంది. అర్థమైన పాటలన్నీ నాకు ఏదో ఒక బుద్ధి చెప్పేవే. ఇది ఏ బుద్ధీ చెప్పలేదు, అరిచింది అంతే. మా జాతరకు ఉరుములనే డోళ్లు వాయించేవాళ్లు వచ్చినప్పుడు ఇలాగే గుండెలో మోగేదని బయ్యన్న నా చెవిలో అన్నాడు. ఆ ఉరుములు వింటే బయ్యన్న కాళ్లు ఆగవు. ఇక్కడా ఆగలేదు. నల్ల గొంగళి కప్పుకునే ఎగిరాడు.

ఆ రోజు నుంచి గొర్రెల లారీ ఎప్పుడు కదిలినా ముందు యేసన్నకు కబురు చేసేవాళ్లం. ఆట ఉన్న శనివారం చూసుకుని బయ్యన్న గొర్రెల్ని ఎత్తేవాడు. వాళ్ల నాయనకు మాత్రం శనివారం సంతలో ధర బాగుంటుందని చెప్పేవాడు.

ఆ నాలుగేళ్లలో మేం చూసిన ఆటలు ఒక్కోటీ నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి. ఎంత జనం ఉన్నా మా చుట్టూ మాత్రం ఎప్పుడూ ఖాళీ ఉండేది. గొర్రెల వాసన. మిగతావాళ్లు ఒకరినొకరు తోసుకుంటుంటే మేం చేతులు బారజాపుకుని ఎగిరేవాళ్లం. ఒకసారి కరెంటు పోయింది. పాడేవాడు మైకు వదిలేసి వేదిక అంచున కూర్చుని వట్టి గొంతుతో పాడాడు, మైదానమంతా చప్పట్లతో తాళం వేసింది. ఆ తాళంలో నా చేతులూ ఉన్నాయి. ఇంకోసారి డ్రమ్ములు వాయించేవాడు ఒక పుల్ల జనంలోకి విసిరితే అది వచ్చి బయ్యన్న గొంగళిలో పడింది. ఆ తర్వాత దాంతోనే గొర్రెల్ని అదిలించేవాడు. మరోసారి కళ్లద్దాలు పెట్టుకున్న ఒక అమ్మాయి నా జుట్టు చూసి, మీది ఏ బ్యాండని కన్నడంలో అడిగింది. మడకశిర బ్యాండు అన్నాను. పేరు విన్నానంది.

అవును, అప్పటికి నాకూ జుట్టు పెరిగింది. రెండో ఆట చూసి వచ్చాక కత్తెర దగ్గరికి పోవడం మానేశాను. చెవులు కప్పేదాకా ఎవరూ పట్టించుకోలేదు. మెడ మీదికి దిగాక ఒక పొద్దున నాయన మంగలి ఆంజనేయులును వెంటబెట్టుకుని వచ్చాడు. ఆంజనేయులు పెట్టె తెరిచి కత్తి నూరుతున్నాడు. నాయన నన్ను మెడ పట్టి అరుగు మీద కూర్చోబెట్టాడు.

“ఊర్లో తలెత్తుకోని తిరగల్లా వద్దా నేను?” అన్నాడు.

అప్పుడు మా జేజి, అంటే నాయన తల్లి కదిరమ్మ, చేటలో కొర్రలు చెరుగుతూ తల ఎత్తకుండా అడిగింది.

“ఏమిరా, ఏమన్నా మొక్కుకున్యావా?”

ఆమె ఎందుకు అడిగిందో అప్పుడు నాకు తెలియదు. బయ్యన్న అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నానని చెప్పేశాను. ఆంజనేయులు టక్కున పెట్టె మూసి, కళ్లకద్దుకుని లేచాడు. నాయన నా మెడ మీది చెయ్యి తీసేశాడు. దేనికి మొక్కుకున్నావని కూడా అడగలేదు, అడగకూడదు కాబట్టి.

అబద్ధం చెప్పానని నాకేమీ బాధ కలగలేదు. నా తలను నేను కాపాడుకోవడానికి నా చేతిలో ఉన్నది అదొక్కటే. ఎమర్జెన్సీ వచ్చాక హిందూపురం బస్టాండులో పోలీసులు పట్టుకుని ఏమిరా ఈ వేషం అంటే వాళ్లకూ అదే చెప్పాను, వదిలేశారు. చిక్కంతా ఊళ్లో ఆడవాళ్లతోనే వచ్చింది. స్వామి జుట్టు ఎండకూడదని గిన్నెల్లో ఆముదం తెచ్చి నెత్తిన పోసేవారు. బెంగళూరు వెళ్లిన ప్రతిసారీ సంతలో కుళాయి కింద కూర్చుని, సీకాయతో ఆ జిడ్డంతా వదిలించుకుంటే తప్ప గాలికి ఒక్క వెంట్రుక ఎగిరేది కాదు.

డెబ్బై ఆరులో వాన మొహం చాటేసింది. అంతకు ముందు ఏడూ అంతంతమాత్రమే. ఆషాఢం పోయింది, శ్రావణం సగమైంది. విత్తనాలు ఇళ్లలోనే ఉన్నాయి, తొందరపడి విత్తినవాళ్ల మొలకలు మాడిపోయాయి. పిల్లలు రోకలికి కప్పను కట్టి ఇల్లిల్లూ తిరిగి నీళ్లు పోయించుకున్నారు. పెద్దలు కొండ బండ మీద పాయసం పోసి, చేతులు వెనక్కి కట్టుకుని నాకారు. గొర్రెలకు మేత లేదు. బయ్యన్న వాళ్లు మందంతా అమ్మేయాలని నిర్ణయించుకున్నారు. రాబోయే శనివారం లారీ వస్తుంది, అదే ఆఖరుది. గొర్రెలు లేకపోతే లారీ లేదు, లారీ లేకపోతే మాకు బెంగళూరూ లేదు. ఆ శనివారమే రాతి చిలకల ఆట ఉందని యేసన్న కబురు పంపాడు.

సరిగ్గా ఆ వారమే సోదె చెప్పే ఆమె ఒకతి ఊళ్లోకి వచ్చింది. ఊళ్లో తీరని మొక్కు ఒకటి ఉంది, అది తీరితే గాని వాన రాదని చెప్పి, సోలెడు కొర్రలు కట్టించుకుని పోయింది. ఆమె ఊరు దాటే లోపే అందరి కళ్లూ నా తల మీద పడ్డాయి.

చావిట్లో పంచాయితీ పెట్టారు. ఊరి పెద్ద వీరప్ప మంచివాడే, మాట మాత్రం గట్టిది. ఎప్పుడు తీరుస్తావని అడగకూడదని మాకూ తెలుసు, కానీ ఊరంతా ఎండుతుంటే అడగక తప్పదన్నాడు. శనివారం అందరం బండ్లు కట్టుకుని కదిరికి పోదాం, నీ తలనీలాలు ఇచ్చేసి వద్దాం అన్నాడు. నాయన సరేనని అప్పుడే తలూపేశాడు.

ఇంకో వారం గడువు అడిగి తప్పించుకుందామనే అనుకున్నాను. కానీ హనుమంతప్ప అనే ముసలి రైతు లేచి వచ్చి, నేను వెనక్కి తగ్గేలోపే నా కాళ్లు పట్టుకున్నాడు.

“నీకు పుణ్యముంటాది నాయనా. విత్తిన శెనక్కాయంతా ఎండిపోతాండాది. ఇచ్చేయప్పా స్వామికి” అన్నాడు.

నాకంటే మూడింతల వయసున్న మనిషి. ఆయన కళ్లల్లో ఆశ చూసి నాకు ఒళ్లు మండింది, ఆయన మీద కాదు. వాన రాకపోతే ఈయన ఏడాదంతా ఏం తింటాడో తెలియదు, అలాంటి మనిషి నా నెత్తి మీద వెంట్రుకల్ని నమ్ముకున్నాడు. జుట్టు ఇచ్చేసి వస్తే ఊరు మెచ్చుకుంటుంది. వాన రాకపోతే నా మొక్కులో ఏదో లోపమంటారు. వస్తే, రేపటి నుంచి ఎవడి తల మీద ఏముండాలో కూడా చావిట్లోనే తేలుస్తారు. ఆయన్ని లేపి నిలబెట్టి, అందరికీ వినపడేలా చెప్పాను.

“నేను మొక్కలే. యే దేవునికీ మొక్కలే. ఊరికే పెంచుకున్యా.”

 నాయన మొహం నల్లబడింది. వీరప్ప, నాలుగేళ్లు ఊరందర్నీ వెర్రివాళ్లను చేశావన్నాడు. మొక్కు లేదంటే దానికి అడ్డమూ లేదు, ఇక్కడే తీయించండి, మూట కట్టి స్వామికి తప్పు చెల్లించుకుందాం అన్నాడు. ఆంజనేయులును పిలిపించారు. ఇద్దరు నా భుజాలు పట్టి కూర్చోబెట్టారు. అందులో ఒకరు మా నాయన. నేను పెనుగులాడాను, పళ్లు కొరికాను, నాయనను నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టినందుకు ఇప్పటికీ చింత లేదు.

ఆంజనేయులు కత్తి తీశాడో లేదో, చావిడి బయట ఆడవాళ్ల మధ్య నిలబడిన జేజి లోపలికి నడిచి వచ్చింది. ఆడమనిషి పంచాయితీ జరిగేటప్పుడు చావిడి మెట్టెక్కడం అంతకు ముందు ఎవరూ చూడలేదు. వచ్చి, నాకూ ఆంజనేయులుకూ మధ్య నేల మీద కూర్చుని, కొప్పు ముడి విప్పింది. పలచటి తెల్ల జుట్టు భుజాల దాకా పడింది. ఇంట్లో కూడా ఆమె జుట్టు విప్పగా నేనెప్పుడూ చూడలేదు. నాయన చేతులు నా భుజాల మీద సడలిపోయాయి.

“ముందు నాది గొరుగు. వాన వస్తే వాని జుట్టుతో పనిలే. రాకపోతే వానిది తీసి ఏం లాభం?” అంది.

వీరప్ప లేచి, ఇదేం పని పెద్దమ్మా, లేచి ఇంటికి పో అన్నాడు. జేజి కదల్లేదు. ఆమె ఎప్పుడూ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాట్లాడింది.

“వీరప్పా, అప్పటికి నువ్వు పుట్టలే. మీ నాయన ఇదే చావిట్లో కూర్చోని చెప్పినాడు, కొత్త కోడలి జుట్టు మోకాళ్ల దాకా ఉండాది, అది స్వామికిస్తే వాన వస్తాదని. నన్నెవురూ అడగలే. మా అత్త చెయ్యి పట్టుకోని బండెక్కిచ్చింది. కదిరిలో గొరిగినారు. వాన పడలే. ఆ ఏడు పడలే, మర్సటేడు గూడా పడలే. నా జుట్టు మాత్రం మళ్లా అంత రాలే.”

 జేజి ఇంకొక్క మాట అంది.

“స్వామి అడిగింటే నేనే ఇచ్చేదాన్ని. నాకు పెట్టిందే ఆయప్ప పేరు. ఆయప్ప అడగలే. మీరు అడిగినారు.”

ఆంజనేయులు కత్తి తుడిచి పెట్టెలో పెట్టుకున్నాడు. పెద్దమ్మ తల మీద తన చెయ్యి లేవదని వీరప్పకు చెప్పి వెళ్లిపోయాడు. నాయన చావిడి స్తంభానికి ఆనుకుని తల వంచుకుని నిలబడ్డాడు. తన తల్లి జుట్టు సంగతి ఆయనకూ అప్పుడే తెలిసిందనుకుంటాను. నేను జేజిని చెయ్యి పట్టి లేపి ఇంటికి తీసుకొచ్చాను. దారిలో ఏడ్చాను, ఆమె ఏడవలేదు.

ఇంటికొచ్చి నీళ్లు తాగాక అడిగింది, ఇంతకీ ఎవరి కోసంరా ఇదంతా అని. బెంగళూరు, యేసన్న, పెట్టెలు, రాతి చిలకలు, అన్నీ చెప్పాను. విని, కొప్పు ముడేసుకుంటూ ఒకే మాట అంది.

“నాకు సూపీ.”

శనివారం తెల్లవారేసరికి ఊళ్లో సగం మంది బండ్లు కట్టుకుని, నా బదులు క్షమాపణ చెప్పుకోవడానికి కదిరికి బయల్దేరారు. మేం దక్షిణానికి బయల్దేరాం. బయ్యన్న వెనక గొర్రెల మధ్య నిలబడ్డాడు, వాటితో అదే ఆఖరి ప్రయాణం కాబట్టి. జేజి ముందు డ్రైవరు పక్కన కూర్చుంది. దారి పొడవునా ఎండిన చేలు చూస్తూ వచ్చింది. సంతలో గొర్రెలు కారుచవకగా పోయాయి. చుట్టూ అన్ని జిల్లాల నుంచీ మందలు వచ్చి పడితే ధర ఎక్కడిది? ఆ రోజు నేనెంత అరిచినా లాభం లేకపోయింది. బయ్యన్న చేతిలో డ్రమ్ము పుల్ల ఒక్కటే మిగిలింది.

యేసన్న జేజిని చూసి నోరు వెళ్లబెట్టాడు. తర్వాత తేరుకుని వేదిక పక్కన ఖాళీ పెట్టె బోర్లించి, దాని మీద తన కోటు పరిచి కూర్చోబెట్టాడు. చెవుల్లో పెట్టుకోమని దూది ఇచ్చాడు. ఆమె ఆ దూదిని నడుముకున్న సంచిలో దాచుకుంది, దీపం వత్తులకు పనికొస్తుందని.

మొదటి దెబ్బకు ఉలిక్కిపడింది. తర్వాత పెట్టె మీద చెయ్యి పెట్టి అది అదరడం చూసింది. పాడేవాణ్ని చాలాసేపు గమనించి నన్ను దగ్గరికి పిలిచింది.

“ఏమంటాండాడు ఆ పిల్లోడు?”

నాకూ తెలీదు జేజీ అన్నాను.

“శానా కోపంగా ఉండాడు. ఉండనీ” అంది.

నాలుగేళ్లలో ఆ సంగీతం గురించి అంత బాగా చెప్పినవాళ్లను నేను చూడలేదు.

ఇంకా చీకటి పడలేదు. మూడో పాట దగ్గర పడమటి నుంచి గాలి లేచింది. మబ్బు ఎప్పుడు కమ్మిందో ఎవరూ చూడలేదు. ముందు పెద్ద పెద్ద చినుకులు పడ్డాయి, వెంటనే వాన ఒక్కసారిగా కుమ్మరించింది. యేసన్న లబోదిబోమని మైకుల మీద టార్పాలిన్ పట్టాలు కప్పాడు. గిటార్లు ఆగిపోయాయి. డ్రమ్ములవాడు మాత్రం ఆపలేదు. జనం కూడా కదల్లేదు. వందలమంది కుర్రాళ్లు తలలు వెనక్కి వాల్చి, తడిసిన జుట్టు మొహాల మీద పడుతుంటే ఎగురుతూనే ఉన్నారు. బయ్యన్న పరుగున వచ్చి జేజి మీద గొంగళి కప్పబోయాడు. ఆమె దాన్ని పక్కకు తోసేసింది.

నిలబడింది. ఆ మైదానాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది.

“వీళ్లల్లో ఒక్కరికీ మొక్కులేదా?”

“లేదు జేజీ.”

“ఒక్కరూ గొరిగిచ్చుకోలేదా?”

“లేదు.”

ఆమె అరచెయ్యి చాపింది. అది క్షణంలో నిండి పొంగింది.

“మరి ఈడ పడ్తాండాదే” అంది.

నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక నా భుజం పట్టుకుంది. నవ్వుతూ నవ్వుతూనే మళ్లీ కొప్పు విప్పేసింది. ఈసారి ఎవరికీ అడ్డం కూర్చోవడానికి కాదు. ఊరికే. ఆ తెల్ల జుట్టు మీద వాన పడుతుంటే ఆమె కళ్లు మూసుకుని నిలబడింది. నేనూ బయ్యన్నా ఆమెకు చెరోవైపు నిలబడ్డాం. డ్రమ్ములు ఆగేదాకా అలాగే ఉన్నాం. అంత సంతోషం నా జన్మలో మళ్లీ ఎరగను.

మా ఊళ్లో ఆ ఏడు వాన పడలేదు. కదిరి వెళ్లినవాళ్లూ పొడి కాళ్లతోనే తిరిగొచ్చారు. వాళ్లు వచ్చిన మర్నాడు జేజి నేరుగా చావిడికి వెళ్లి, బెంగళూరులో చూసింది చూసినట్టు వీరప్పకు చెప్పింది. అన్ని తలలకు అంత జుట్టున్నా అక్కడ వాన కుమ్మరించిందని చెప్పి, దీనికేమంటావని అడిగింది. వీరప్ప లేచి పొలం వైపు వెళ్లిపోయాడు. నాయన నాతో ఆరు నెలలు మాట్లాడలేదు. జేజితో మాత్రం ఆ రోజు నుంచి ఏదైనా ముందు అడిగే చేసేవాడు. బయ్యన్న హిందూపురంలో కూలికి కుదిరాడు. నా జుట్టు జోలికి మళ్లీ ఎవరూ రాలేదు. ఎనభైలో జేజి పోయింది. ఆమె పోయేదాకా ప్రతి ఆదివారం నాకు ఆమే తలంటింది.

ఇప్పుడు ఎనభై ఏడు. ఈ ఏడూ వాన లేదు. పోయినవారం వీరప్ప కొడుకు నలుగుర్ని వెంటబెట్టుకుని మా గడప తొక్కాడు. మళ్లీ ఎవరో సోదె చెప్పారట, ఊళ్లో తీరని మొక్కు ఉందట. పాత కథ తెలిసినవాళ్లు కాబట్టి ముందు నా దగ్గరికే వచ్చారు. నేను తల మీది తువ్వాలు తీశాను.

ముప్పై దాటగానే ఊడడం మొదలైంది. రెండేళ్లలో మొత్తం పోయింది, అప్పట్నుంచీ తువ్వాలు చుట్టకుండా గడప దాటలేదు. ఏ మంగలీ ముట్టుకోలేదు, ఏ దేవుడూ అడగలేదు, ఊరికే పోయింది. ఎండకు మెరుస్తున్న నా గుండును నలుగురూ చూశారు. తర్వాత తలలెత్తి ఆకాశాన్ని చూశారు. అక్కడా ఏమీ లేదు.

“ఇంగ ఎవురి జుట్టు మీద పడతారు?” అని అడిగాను.

వీరప్ప కొడుకు చెప్పులేసుకున్నాడు. అతని వెనక అతని కూతురు నిలబడి ఉంది, పదేళ్లుంటాయేమో, నడుము దాటిన జడ. ఆ పిల్లను దగ్గరికి పిలిచాను. నీ జుట్టు నీదేనమ్మా, ఎవరడిగినా ఇవ్వనని చెప్పు అన్నాను. అతను కూతురి చెయ్యి పట్టుకుని గబగబా గడప దాటాడు. ఆ పిల్ల మాత్రం మలుపు తిరిగేదాకా వెనక్కి తిరిగి నన్నే చూస్తూ పోయింది, జడను ముందుకు వేసుకుని రెండు చేతులా పట్టుకుని.